మూడేళ్లు తెలిసి తెలిసి ఓడి తెచ్చుకున్న పెనెంటు: 2016 కబ్స్ నడిచిన దారి సరైనదేనా?

గోదారిగట్టు:

షికాగో కబ్స్ జట్టు 2016 అక్టోబరు 22న తన సొంత మైదానమైన రిగ్లీ ఫీల్డ్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను 5-0తో ఓడించి నేషనల్ లీగ్ పెనెంటు గెలుచుకుంది. 1945 తర్వాత ఆ జట్టు లీగ్ విజేతగా నిలవడం అదే మొదటిసారి. బేస్‌బాల్ అంతగా చూడనివారి కోసం ఒక మాట చెబుతాను: అమెరికాలో రెండు పెద్ద లీగులున్నాయి, ఒక్కో లీగు విజేతకు దక్కేది పెనెంటు, ఆ ఇద్దరు విజేతలు తలపడేది వరల్డ్ సిరీస్.

ఈ గెలుపుకు ముందు కబ్స్ 162 మ్యాచ్‌ల సీజన్‌లో 2012లో 101, 2013లో 96, 2014లో 89 మ్యాచ్‌లు ఓడింది. 2011 అక్టోబరులో బేస్‌బాల్ వ్యవహారాల బాధ్యత తీసుకున్న థియో ఎప్‌స్టీన్ ఆ ఓటములను ప్రణాళికలో భాగంగానే భరించారు. మైదానంలో ఆటగాళ్లు కావాలని ఓడారని ఎవరూ అనడం లేదు. గెలవగల జట్టును యాజమాన్యం కట్టలేదన్నదే ఆరోపణ. నా ప్రశ్నలు రెండు. ఆ మూడేళ్ల ఓటమి లేకపోతే పెనెంటు వచ్చేదా? వచ్చేది కాదనే అనుకున్నా, ఇంత డబ్బున్న జట్టు టికెట్టు కొన్న అభిమాని పట్ల అలా వ్యవహరించడం న్యాయమేనా?

నల్లరేగడి:

వచ్చేది కాదు. కారణం ఆటలో కంటే నిబంధనల్లో ఎక్కువగా ఉంది. 2012 నుంచి అమలైన కొత్త కార్మిక ఒప్పందం, డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, తీసుకునే యువకులకు జట్లు ఇవ్వగల మొత్తానికి పరిమితి పెట్టింది. అంతకుముందు ధనిక జట్టు ఎక్కడో వెనక స్థానంలో ఎంచుకున్నా, అధిక మొత్తం ఇచ్చి మంచి కుర్రవాడిని తెచ్చుకోగలిగేది. కొత్త ఒప్పందంతో ఆ తలుపు మూసుకుపోయింది. అట్టడుగున ముగించిన జట్టుకే మొదటి ఎంపికలూ, ఖర్చు చేయడానికి ఎక్కువ మొత్తమూ దక్కాయి.

ఎప్‌స్టీన్ ఆ లెక్కను అర్థం చేసుకున్నారు. 2012 ఓటముల వల్ల 2013 డ్రాఫ్టులో రెండవ ఎంపిక వచ్చింది. దానితో తీసుకున్న క్రిస్ బ్రయంట్ 2016లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. మరుసటి ఏడాది నాలుగవ ఎంపికతో కైల్ ష్వార్బర్ వచ్చాడు. 2011లో ఎప్‌స్టీన్ చేతికి వచ్చినది 91 మ్యాచ్‌లు ఓడిన జట్టు, 2006లో అల్ఫాన్సో సోరియానోకు ఎనిమిదేళ్లకు రాసిచ్చిన 13.6 కోట్ల డాలర్ల ఒప్పందం వంటి బరువులు. అలాంటి జట్టుకు ఏటా నలుగురు వయసు మీరిన ఆటగాళ్లను అతికించి 80 మ్యాచ్‌లు గెలుస్తూ పోవడమే 71 ఏళ్ల కరువును మరింత పొడిగించే దారి. నిజానికి ఆ కరువుకు మూలం అభిమానులు చెప్పుకునే మేక శాపం కాదు, మధ్యస్థంగా ఉండిపోవడానికి అలవాటు పడిన యాజమాన్యాలు.

వేపచెట్టు:

నల్లరేగడి గారు నిబంధన గురించి చెప్పినది ముమ్మాటికీ నిజం. అయితే ఆ నిబంధన వల్లే పెనెంటు వచ్చిందనడం వేరే మాట. దాన్ని తేల్చడానికి అక్టోబరు 22 మ్యాచ్‌నే తీసుకుందాం.

ఆ రాత్రి డాడ్జర్స్ తరఫున బంతి వేసినవాడు క్లేటన్ కెర్షా. ఆ తరంలో అంతకు మించిన పిచర్ లేడని నా అభిప్రాయం. కబ్స్ తరఫున కైల్ హెండ్రిక్స్. హెండ్రిక్స్‌కు వేగం లేదు, వేసిన ప్రతి బంతీ ఎక్కడ పడాలో అక్కడ పడుతుందన్నదే అతని బలం. మొదటి బంతికే ఆండ్రూ టోల్స్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు, వెంటనే డబుల్ ప్లేతో, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుటవడంతో, అతనూ వెనుదిరిగాడు. ఆ తర్వాత ఎనిమిదవ ఇన్నింగ్స్ వరకు డాడ్జర్స్‌కు మరో హిట్ దొరకలేదు. జావియెర్ బయెజ్ పొరపాటు వల్ల బేస్ చేరిన ఒక్కడిని కూడా హెండ్రిక్స్ అక్కడే పట్టించాడు. చివరకు అరోల్డిస్ చాప్‌మన్ బౌలింగ్‌లో యాసియెల్ పుయిగ్ కొట్టిన బంతి డబుల్ ప్లేగా ముగిసేసరికి, డాడ్జర్స్ నుంచి బ్యాటింగ్‌కు వచ్చినవారు సరిగ్గా 27 మంది, అంటే ఇన్నింగ్స్‌కు ముగ్గురు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్‌కు రాగలిగిన అతి తక్కువ సంఖ్య. అంతటి మ్యాచ్‌లో అంతటి క్రమశిక్షణను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఈ ఆటగాళ్లు ఎలా వచ్చారో చూడండి. హెండ్రిక్స్ 2011 డ్రాఫ్టులో ఎనిమిదవ రౌండులో టెక్సస్ తీసుకున్న కుర్రవాడు, మార్పిడిలో కబ్స్‌కు వచ్చాడు. ఆ రాత్రి కెర్షా బంతిని స్టాండ్స్‌లోకి పంపిన ఇద్దరిలో ఆంథొనీ రిజో శాన్ డియేగో నుంచి మార్పిడిలో వచ్చాడు, విల్సన్ కాంట్రెరస్ 2009లోనే వెనెజులా నుంచి సంతకం చేశాడు. డెక్స్టర్ ఫౌలర్ కూడా మార్పిడిలోనే వచ్చాడు. బెన్ జోబ్రిస్ట్, జాన్ లెస్టర్ డబ్బుతో వచ్చారు. లెస్టర్‌కు ఆరేళ్లకు 15.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. బయెజ్‌ను తీసుకున్నది ఎప్‌స్టీన్ రాకముందే. జేక్ అరియెటా 2013లో బాల్టిమోర్ వదిలించుకున్న పిచర్, అప్పటికి ఆ ఏడాది అతని ఇఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, 7.23. రెండేళ్లకు 1.77తో, లీగులో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం గెలిచాడు. ఓటమి ఇచ్చిన ఎంపికలతో వచ్చి డాడ్జర్స్‌తో ఆ సిరీస్‌ను నడిపించినవాడు బ్రయంట్ ఒక్కడే. ష్వార్బర్ ఏప్రిల్ మొదటి వారంలో మోకాలు దెబ్బతిని, వరల్డ్ సిరీస్ వరకు మైదానంలో అడుగు పెట్టలేదు.

అధమ స్థానాలే జట్టును నిలబెడతాయంటే, 1993 నుంచి 2012 వరకు వరుసగా ఇరవై సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా చూసిన పిట్స్‌బర్గ్ ఎన్ని పెనెంట్లు గెలిచి ఉండాలి? ఒక్కటీ రాలేదు. ఇదే ఎప్‌స్టీన్ బోస్టన్‌లో ఉండగా 2004లో 18 ఏళ్ల తర్వాత పెనెంటు, 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిపించారు. అంతకుముందు ఏడాది ఆ జట్టు 95 మ్యాచ్‌లు గెలిచింది. ఒక్క సీజన్‌నూ బలి ఇవ్వకుండానే ఆ పని చేసి చూపిన మనిషి ఆయన.

నల్లరేగడి:

వేపచెట్టు గారూ, మీ జాబితాయే నా వాదానికి సాక్ష్యం. హెండ్రిక్స్ మార్పిడిలో వచ్చాడన్నారు. ఎవరికి బదులుగా వచ్చాడు? 2012 జూలై 31న ర్యాన్ డెంప్‌స్టర్‌ను ఇచ్చి అతన్ని తెచ్చుకున్నారు. అరియెటా స్కాట్ ఫెల్డ్‌మన్‌కు బదులుగా వచ్చాడు, అడిసన్ రసెల్ 2014లో జెఫ్ సమార్జాకు బదులుగా వచ్చాడు. పెనెంటు పోటీలో ఉన్న జట్టు, మార్పిడుల గడువు ముగిసే జూలైలో తన మంచి పిచర్లను ఇచ్చేయదు. ఆ సీజన్లను వదులుకున్నారు కాబట్టే ఈ మార్పిడులు సాధ్యమయ్యాయి. డ్రాఫ్టు ఒక్కటే ఓటమి ఇచ్చే ఫలం కాదు. బోస్టన్ విషయానికొస్తే, అది అప్పటికే పోటీలో ఉన్న జట్టు, కబ్స్ కాదు. కాన్సస్ సిటీని చూడండి: ఏళ్ల తరబడి ఓడి, ఆ ఎంపికలతో మైక్ ముస్టాకస్‌ను, ఎరిక్ హాస్మర్‌ను తీసుకుని, 2014లో 29 ఏళ్ల తర్వాత పెనెంటు గెలిచింది.

తూరుపుగాలి:

నేను షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటాను, మా అబ్బాయి కబ్స్ టోపీ పెట్టుకుని పెరిగాడు. మీ ఇద్దరి వాదనలోనూ అభిమాని కనబడడం లేదు. కాన్సస్ సిటీ డబ్బు లేక ఓడింది, అక్కడి వారు అర్థం చేసుకోగలరు. దేశంలోని పెద్ద నగరాల్లో ఒకదానిలో, ఖరీదైన టికెట్లమ్మే మైదానంలో ఆడే జట్టుకు ఆ సాకు లేదు. 2011లో 30 లక్షలు దాటిన ప్రేక్షకుల సంఖ్య 2013కు దాదాపు 26 లక్షలకు పడిపోయింది. అయినా వచ్చిన ఆ 26 లక్షల మందికి చూపించినదేమిటి? ఎవరిని జూలైలో అమ్మేస్తారో ముందే తెలిసిన ఆట.

2016లో కబ్స్ వరల్డ్ సిరీస్ కూడా గెలిచాక రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద వేలమంది సుద్దముక్కలతో, ఆ గెలుపు చూడకుండానే వెళ్లిపోయిన తమ తండ్రుల, తాతల పేర్లు రాశారు. వారిలో కొందరికి చివరిగా మిగిలిన సీజన్లు 2012, 2013, 2014 అయి ఉంటాయి. ఎప్పుడో వచ్చే గెలుపు కోసం ఇప్పటి ఆటను తాకట్టు పెట్టే హక్కు యాజమాన్యానికి ఎవరిచ్చారు?

బ్రయంట్ విషయం కూడా ఇక్కడ చెప్పాలి. 2015 శిక్షణ మ్యాచ్‌లలో 9 హోమ్ రన్లు కొట్టిన కుర్రవాడిని సీజన్ మొదలయ్యాక కూడా కింది స్థాయి మైనర్ లీగులోనే ఉంచి, ఏప్రిల్ 17న పిలిచారు. ఏడాది సర్వీసుగా లెక్కించడానికి పెద్ద లీగులో 172 రోజులు కావాలి, అతనికి 171 మాత్రమే వచ్చాయి. అలా జట్టుకు అతని మీద ఇంకో ఏడాది హక్కు మిగిలింది. అతను చేసిన ఫిర్యాదును 2020లో కొట్టివేశారు. నిబంధనకు లోబడి చేసినదంతా న్యాయమైపోదు.

వేపచెట్టు:

తూరుపుగాలి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నల్లరేగడి గారు డెంప్‌స్టర్ మార్పిడిని ప్రణాళిక ఫలంగా చూపారు కాబట్టి, ఆ వారం జరిగినది కూడా చెప్పుకోవాలి. కబ్స్ డెంప్‌స్టర్‌ను మొదట అట్లాంటాకు ఇచ్చి, ర్యాండల్ డెల్గాడో అనే యువ పిచర్‌ను తీసుకోవాలనుకుంది. పదేళ్ల అనుభవం, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాడికి మార్పిడిని తిరస్కరించే హక్కు ఉంటుంది. డెంప్‌స్టర్ ఆ హక్కుతో కాదన్నాడు. గడువు ముగిసే రోజున టెక్సస్‌కు ఒప్పుకున్నాడు కాబట్టి హెండ్రిక్స్ వచ్చాడు. అతను అట్లాంటాకే తలూపి ఉంటే, 2016 అక్టోబరు 22న కెర్షాకు ఎదురుగా నిలబడేది మరెవరో.

సీజన్‌ను వదులుకోవడం వల్ల తలుపు తెరుచుకుందని ఒప్పుకుంటాను. ఆ తలుపులోంచి వచ్చినవాడు హెండ్రిక్స్ కావడంలో అదృష్టం ఉంది. వచ్చాక అతన్నీ అరియెటానూ అలా తీర్చిదిద్దడంలో శిక్షకుల నైపుణ్యం ఉంది. ఈ రెండింటినీ ఓటమి ఖాతాలో జమ చేయడాన్నే నేను ఒప్పుకోలేను. పైగా డెంప్‌స్టర్ ఒప్పందం ఆ ఏడాదితో ముగిసేదే. 75 మ్యాచ్‌లు గెలవడానికి ప్రయత్నించే జట్టు కూడా జూలై చివర అలాంటి పిచర్‌ను మార్పిడి చేయగలదు. దానికి 101 మ్యాచ్‌లు ఓడనక్కరలేదు.

గోదారిగట్టు:

2022 ఒప్పందంలో డ్రాఫ్టు మొదటి ఆరు స్థానాలకు లాటరీ పెట్టారు. కబ్స్ తర్వాత ఏడాదే, మూడేళ్లలో 106, 107, 111 మ్యాచ్‌లు ఓడిన హ్యూస్టన్ కూడా వరల్డ్ సిరీస్ గెలవడంతో ఆ దారి అందరికీ ఆదర్శమైపోతుందన్న భయం పెరిగింది. ఐపీఎల్‌లో ఈ చిక్కు లేదు: వేలంలో అన్ని జట్లకూ ఒకే పరిమితి, అట్టడుగున ఉన్నందుకు బహుమతి లేదు. బెంగళూరు తన 18వ సీజన్‌లో, 2025లో, మొదటి టైటిల్ గెలిచింది. ఆ కరువులో ఓడినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నల్లరేగడి గారూ, లాటరీ 2012లోనే ఉండి ఉంటే ఎప్‌స్టీన్ ఇదే దారిన వెళ్లేవారా?

నల్లరేగడి:

వెళ్లేవారు కాదేమో. రెండవ ఎంపిక ఖాయం కాకపోతే మూడేళ్లు ఆ నష్టం భరించడం ఏ యాజమాన్యానికైనా కష్టం. అయితే అప్పుడు తప్పు నిబంధన రాసినవారిదవుతుంది, దాన్ని అందరికంటే బాగా చదివినవారిది కాదు. తూరుపుగాలి గారి బాధ నాకు అర్థమవుతుంది, బ్రయంట్ పట్ల జరిగినది నాకూ నచ్చలేదు. కానీ 2012లో 75 గెలుపులతో ముగించి ఉంటే, 2013 డ్రాఫ్టులో రెండవ స్థానం వచ్చేది కాదు, ఆ ఎంపికతో బ్రయంట్ వేరే ఊరికి వెళ్లేవాడు. ఆ రాత్రి మొదటి ఇన్నింగ్స్‌లో ఫౌలర్‌ను హోమ్ బేస్‌కు చేర్చి తొలి పరుగు తెచ్చిన సింగిల్ బ్రయంట్‌దే. ఆ పరుగు ఒక్కటే ఉన్నా, హెండ్రిక్స్ బంతి వేసిన తీరుకు, కబ్స్ ఆ మ్యాచ్ గెలిచేది.

వేపచెట్టు:

ఆ పరుగు తీసినవాడు మార్పిడిలో వచ్చాడు, దాన్ని కాపాడినవాడూ మార్పిడిలో వచ్చాడు. బ్రయంట్ లేకపోతే ఆ జట్టు 103 మ్యాచ్‌లు గెలిచేది కాదని నేనూ అంటాను. 90 గెలిచి ఉండేది. 90 గెలుపులతో ప్లేఆఫ్‌లకు వెళ్లి పెనెంటు గెలిచిన జట్లు ఉన్నాయి. 2014 కాన్సస్ సిటీ గెలిచినవి 89 మాత్రమే.