ఎర్రమట్టి దిబ్బల ఎర్త్‌క్యాష్ వెనక్కి వచ్చింది, నియమాలు మారాయా?

గుళకరాయి:
భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద ఎర్త్‌క్యాష్ (ఒక చోటి నేల, రాళ్ల గురించి పాఠం చెప్పి, అక్కడికి వచ్చినవారిని ప్రశ్నలు అడిగే జియోక్యాషింగ్ పేజీ) రాసి పంపాను. పర్యాటక పరిచయంలా ఉంది, పాఠం లేదని సమీక్షకుడు తిప్పి పంపారు. జీపీఎస్‌తో వెతికే మామూలు జియోక్యాషింగ్ ఆటలో డబ్బాలు దాచడంలో నాకు అనుభవం ఉంది కానీ, డబ్బా లేని ఈ పద్ధతి కొత్త. వచ్చినవారిని అక్కడ దిగిన ఫొటో అడగకూడదని ఒక మిత్రుడు, అడగవచ్చని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

తీరవాసి:
ఇద్దరిదీ నిజమేనండి, కాలమే వేరు. 2004లో ఎర్త్‌క్యాష్‌లు మొదలైన కొత్తలో ఫొటో అడిగేవారు. తర్వాత కొన్నేళ్లపాటు దాన్ని తప్పనిసరి చేయనివ్వలేదు. 2019లో మళ్లీ ఒప్పుకున్నారు. అయితే ముఖం చూపించాల్సిందేనని పట్టుబట్టకూడదు. చెయ్యో, టోపీయో కనిపిస్తే చాలు. పాత పేజీలు చూసి నియమాలు నేర్చుకుంటే ఇలాంటి తికమకే. పంపే రోజున ప్రస్తుత నియమాలు ఒకసారి చదవండి.

ఖొండలైటు:
ఫొటో సంగతి అటుంచండి. మీరు వేసిన ప్రశ్న ఏమిటి?

గుళకరాయి:
"ఈ ఇసుకకు ఎరుపు రంగు ఎలా వచ్చింది?"

ఖొండలైటు:
దెబ్బ అక్కడే పడింది. ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూతలా పట్టిందని ఇంట్లో కూర్చునే రాసేయవచ్చు. అక్కడికి వెళ్లి చూసినవారే చెప్పగల ప్రశ్న కావాలి. వాన నీరు కోసిన గోడలో పైనుంచి కిందికి రంగు ఎక్కడ మారుతోంది, గాడి అడుగు ఇరుకుగా ఉందా వెడల్పుగా ఉందా, ఈ ఆకారానికి గాలి కారణమా నీరా, మీకు ఎందుకలా అనిపించింది? ఇలా అడగండి. జవాబుకు కావలసిన పాఠం ముందు మీరే రాయాలి, పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా. నా మొదటి రచనలో "చతుర్థ మహాయుగం" అని గొప్పగా రాసి నేనూ తిట్లు తిన్నాను.

అలలహోరు:
ఒక మనవి. గోడను తడిమి చూడమని మాత్రం రాయకండి. చేయి వేస్తే రాలిపోయే ఇసుక అది. పిడికెడు తెమ్మనడం అసలే కుదరదు, నమూనాలు సేకరించమనే ప్రశ్నలు నియమాలకే విరుద్ధం. పోయిన వేసవిలో ఎవరో గట్టు ఎక్కి జారిన గుర్తులు చూసి కడుపు మండిపోయింది. బాట మీద నిలబడి చూడగలిగేవే అడగండి.

తీరవాసి:
అనుమతి తీసుకున్నారా? దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లాయి. ఆ నేల ఎవరి అధీనంలో ఉందో వారి అంగీకారం సమీక్షకుడు అడిగే అవకాశం ఉంది. నాకు అన్నింటికన్నా ఎక్కువ కాలం పట్టింది దీనికే, తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి.

సాగరకన్య:
అంత తిరగలేకపోతే మంగమారిపేట సహజ శిలా తోరణం చూడండి. అలలు బలహీనమైన రాయిని తొలిచి, గట్టిదాన్ని వదిలేసిన తీరు కళ్ల ముందే ఉంటుంది. కెరటాలు తగ్గినప్పుడే దగ్గరికి వెళ్లాలని మాత్రం పేజీలో స్పష్టంగా రాయండి.

గుళకరాయి:
అందరికీ కృతజ్ఞతలు. దిబ్బల మీదే మనసు ఉంది, వదలలేను. ఇంకో సందేహం. తెలుగులో రాయవచ్చా?

ఖొండలైటు:
రాయాలి కూడా! స్థానిక భాషలో ఉండాలన్నదే నియమం. తెలుగు రాని సమీక్షకుడైతే ఆయనకు తెలిసిన భాషలో ఒక ప్రతి అడగవచ్చు, సిద్ధంగా ఉంచుకోండి. పేజీ తెరుచుకున్నాక వచ్చినవారు జవాబులు పంపి వెంటనే తమ సందర్శన నమోదు చేసుకోవచ్చు, మీ ఒప్పుదల కోసం ఆగనక్కర్లేదు.

గుళకరాయి:
సరే, కొత్త ప్రశ్న ఇది: "బాట మీద నుంచి కనిపించే గాడి గోడలో ఎన్ని రంగుల పొరలున్నాయి, వాటిలో ఏది ఎక్కువ కోతకు గురైంది?"

అలలహోరు:
బాగుంది, కానీ "ఎన్ని" దగ్గర తగవు వస్తుంది. పొద్దున నాలుగు కనిపిస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో రెండే. ఆదివారం ఆరింటికల్లా అక్కడ ఉంటాను, మీరూ వస్తే ఇద్దరం లెక్కపెడదాం.