‘తలకట్టు లేని అక్షరం’ అనొచ్చా?

నిన్న ఒక అనువాదం దిద్దుతుంటే ‘సాన్స్ సెరిఫ్’కి ‘తలకట్టు లేని అక్షరం’ అని కనిపించింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే సరైన మాట నా దగ్గరా లేదు. సెరిఫ్ అంటే రోమన్ అక్షరాల గీతల కొసన ఉండే చిన్న అడ్డగీత. ‘సాన్స్’ అంటే ఫ్రెంచిలో ‘లేకుండా’. ఆ అడ్డగీత తీసేసినా అక్షరం అదే. మన ‘క’కి తలకట్టు తీస్తే అకారమే ఎగిరిపోతుంది. మరి ఏమందాం? వ్యాసం ఫ్యూచురా బోల్డ్ గురించి, అంటే ఫ్యూచురా అనే రోమన్ ఖతి (ఫాంట్)లోని లావు అక్షరాల గురించి.

— ‘మొండికొస’ అంటే? మొండిగోడ, మొండికత్తి అంటాం కదండీ.

— మొండి అంటే పెంకి అనుకుంటారేమో మాస్టారూ.

— అనుకోనివ్వండి. ఎర్రపట్టీ మీద తెల్లగా, పక్కకు ఒరిగిన ఫ్యూచురా బోల్డ్‌లో అమెరికా చిత్రకారిణి బార్బరా క్రూగర్ వేసిన మాటలు చూడండి. పెంకితనం కాక ఏమిటది!

— అనువాదంలో ఈ ఖతిని ‘జ్యామితీయ’ (జామెట్రిక్) అన్నారు, అదీ మార్చండి, లెక్కల క్లాసు గుర్తొస్తోంది.

— దాన్ని ఉంచుతాను. పాల్ రెన్నర్ గీసిన ఈ ఖతిని జర్మనీలో అచ్చక్షరాలు పోతపోసే బాయర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. పెద్ద ‘ఓ’ కంపాస్ పెట్టి తిప్పినట్టే ఉంటుంది. చిన్నబడి ‘ఎ’ ఒక గుండ్రం, పక్కన ఒక కర్ర. ‘జె’కి కింద వంపు కూడా లేదు, నిలువుగీత మీద చుక్క, అంతే. కానీ చూపుకి కనిపించేంత లెక్క అందులో లేదు. బోల్డ్‌లో గుండ్రం కర్రను కలిసేచోట గీతను సన్నం చేశారు. లేకపోతే అక్కడ సిరా మడుగు కట్టినట్టు నల్లగా కనపడేది.

— బోల్డ్‌కి వికీపీడియాలో ‘బొద్దు’ అంటున్నారు. నాకు ముద్దుగానే ఉంది.

— నాకూ నచ్చింది. బొద్దు అనగానే ‘బాలూ తమ్ముడు’ ఖతి గుర్తొస్తుంది. దాని కన్నడం జోడీ పేరు ‘బాలూ తమ్మ’, తమిళం జోడీ ‘బాలూ తంబి’!

— మన అక్షరాలు బొద్దు చేస్తే పొట్టలు పూడిపోతాయండీ. మా కాలనీలో కథల పోటీకి ఫ్లెక్సీ కట్టారు. చెరువుగట్టంత లావు అక్షరాలు. ‘థ’ పొట్టలో చుక్క పక్కగీతకు అంటుకుపోయి, దూరం నుంచి ‘కధల పోటీ’ అయింది. రిటైరైన తెలుగు మాస్టారొకరు వచ్చి నిర్వాహకులను నిలబెట్టి కడిగేశారు. పాపం, వాళ్లు రాసింది ‘థ’నే.

— నయం, ‘పాఠం’ కాదు. ‘ఠ’లో చుక్క పోతే ‘పారం’ అయ్యేది.

— సరే, ‘మొండికొస బొద్దక్షరం’ అని రాస్తున్నాను. అభ్యంతరం ఉంటే రాత్రిలోపు చెప్పండి.

— మొండికొస కలిపి రాస్తారా, విడదీసా?

— కలిపే.