పాత అల్ట్రామ్యాన్ బొమ్మ కొనేముందు ఏమేం చూసుకోవాలి? (చర్చ)

వెండిముసుగు:
అందరికీ నమస్కారం. జపాన్ టీవీ ధారావాహిక వీరుడు అల్ట్రామ్యాన్ బొమ్మ ఒకటి, ఎస్.హెచ్.ఫిగువార్ట్స్ అనే కదిలే కీళ్ల బొమ్మల వరుసలోని ఏ-టైప్ రకం, జపాన్‌లోని ఒక పాత సరుకుల దుకాణంలో అమ్మకానికి కనిపించింది. ఫోటోను పెద్దది చేసి చూస్తే మూతి చుట్టూ ముడతలున్నాయి, ముఖమంతా కాస్త నలిగినట్టుంది. ధర చూస్తే మాత్రం ఏ లోపమూ లేని బొమ్మకు అడిగే ధరే. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2023 బడ్జెట్‌లో 70 శాతానికి చేరింది కనుక, తెప్పించుకున్నాక నచ్చకపోతే తిప్పిపంపవచ్చులే అని ధీమాగా ఉండడానికి వీల్లేదు. ఈ ముడతలు లోపమేనా? అసలు మీరు నాణ్యతను దేన్నిబట్టి నిర్ణయిస్తారు?

నకానో_మెట్లు:
ఆ ముడతలు లోపం కావండీ, అవి లేకపోతేనే అనుమానించాలి. 1966లో ధారావాహిక మొదలైనప్పుడు పాత్ర మాట్లాడుతుంటే నోరు కదలాలన్న ఉద్దేశంతో ముసుగు ముఖభాగాన్ని లేటెక్స్‌తో చేశారు. ఆ మెత్తని రబ్బరు మూతి దగ్గర ముడతలు పడింది. 13వ భాగం వరకు కనిపించే ఆ ముసుగునే అభిమానులు ఏ-టైప్ అంటారు. 14 నుంచి 29 వరకు బీ-టైప్, 30 నుంచి చివరిదైన 39వ భాగం వరకు సీ-టైప్. నునుపైన ముఖం కావాలంటే ఆ రెండింటిలో ఒకటి చూసుకోండి. బొమ్మను చెక్కినవారు నకలు తీసింది మన మనసులో ఉన్న వీరుణ్ణి కాదు, ఒక నటుడు తొడుక్కున్న ఫలానా దుస్తులను. వీపు మీద జిప్పును దాచే రెక్కలాంటి అంచును కూడా వదలకుండా చెక్కింది అందుకే. ఆ దుస్తుల ఫోటో పక్కన పెట్టుకుని చూడకుండా ముఖం బాగుందనో బాగాలేదనో అనడం సబబు కాదని నా అభిప్రాయం.

కీలుబొమ్మ:
పోలిక విషయంలో నకానో గారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. నేను చూసేది తయారీ పనితనం. వెండిరంగు బొమ్మ చేతికి రాగానే ఫోన్ లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి, బొమ్మను నెమ్మదిగా తిప్పుతాను. లోహపు పొడి కలిపిన ప్లాస్టిక్‌ను పూత వేయకుండా అలాగే వదిలేస్తే, అచ్చులో రెండు ప్రవాహాలు కలిసిన చోట సన్నని ముదురు చార పడుతుంది. అది లోపలి నుంచి వచ్చిన చార కాబట్టి ఎంత తుడిచినా పోదు. పైన పూత వేసిన భాగంలో చార ఉండదు గాని, పూత వేసిన భాగానికీ వేయని భాగానికీ వెండిరంగులో తేడా తెలుస్తుంది. భుజం దగ్గర, తొడ మొదట్లో అదే ఎక్కువగా చూడాలి. తరువాత కాళ్ల లోపలివైపు అచ్చు రెండు సగాలు కలిసిన గీత ఎంత పైకి లేచిందో గోటితో తడిమి చూస్తాను. ఎరుపు, వెండి కలిసే అంచు కత్తితో కోసినట్టుండాలి, ఒకదాని రంగు మరొకదానిలోకి పాకకూడదు.

ఇక అసలు పరీక్ష కీళ్లది. తొడ కీలును కొద్దిగా కిందికి లాగితే కాలు మరింత పైకి లేచేలా చేసిన బొమ్మలున్నాయి. ఆ సంగతి తెలియక బలవంతాన ఎత్తితే కీలు దగ్గర ప్లాస్టిక్ తెల్లబడుతుంది. తెల్లబడిన చోట ఈసారి విరుగుతుందని అర్థం. కొత్త బొమ్మలో పూత అంటుకుని కీలు బిగుసుకుపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెట్టి తిప్పాలి. కీలు వదులైతే బంతి భాగానికి నేల పాలిష్‌ను పలుచగా పూసి, పూర్తిగా ఆరాక మళ్లీ తొడిగితే పట్టు వస్తుంది. చేతికి రాకముందే అడగదలిస్తే ఒక్కటే అడగండి: బొమ్మను ఆధారం లేకుండా రెండు కాళ్లపై నిలబెట్టి, ముందు నుంచీ పక్క నుంచీ ఫోటో తీయమనండి. చీలమండ వదులైతే అందులోనే బయటపడుతుంది.

బందరు_బీరువా:
మా సముద్రతీరపు గాలిలో నాకున్న బెంగ వేరు. మెత్తటి పీవీసీలో కలిపే పదార్థం వేడికి పైకి ఊరి బొమ్మ జిగటగా మారుతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు వేసి కడిగి, నీడన ఆరబెడితే చాలావరకు పోతుంది. పెట్టె తెరవని సరుకు అంటే అందరూ ఎగబడతారు గాని, ఏళ్ల తరబడి మూసి ఉంచిన ప్లాస్టిక్ తొడుగులోనే ఈ జిగట ఎక్కువగా పేరుకుంటుంది, పైగా కీళ్ల సంగతి కొన్నవాడికీ అమ్మినవాడికీ తెలియదు. ముదురు రంగు భాగం లేత రంగు భాగానికి ఒరుసుకుని ఉంటే రంగు అంటుకుంటుంది. అది కడిగినా వదలదు. గుడ్డ దుస్తులు తొడిగిన 30 సెంటీమీటర్ల బొమ్మల జోలికి నేను వెళ్లను. కృత్రిమ తోలు పాలీయురెథేన్‌తో చేసినదైతే తేమకు పొరలుపొరలుగా రాలిపోతుంది, దానికి విరుగుడు లేదు.

కొమ్ముపురుగు:
కామెన్ రైడర్ అనే మరో జపాన్ టీవీ వీరుల బొమ్మలవైపు నుంచి ఒక మాట. మానవదేహాన్ని లోపలి ఎముకల నుంచి బయటికి కట్టుకుంటూ వచ్చినట్టు రూపొందించే షింకొచ్చో సేహో రకం బొమ్మలు పోలికలో సాటిలేనివే, కాని ఖరీదు ఎక్కువైతే గట్టిదనమూ ఎక్కువని భ్రమపడవద్దు. ఆ వీరుల్లో ఒకడైన కబుటో తలమీది కొమ్మువంటి సన్నని భాగాలు పోలిక కోసం ఎంత పలచబడితే అంత త్వరగా వంగుతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ పెళుసు. నేను ముందుగా చూసేది కళ్లనే. కంటి ముక్క సరిగా కూర్చోకపోతే ఒక కన్ను మరొకదాని కంటే లోపలికి ఉంటుంది, అది ముఖానికి ఎదురుగా తీసిన ఫోటోలో తెలియదు, పైనుంచి చూస్తేనే తెలుస్తుంది.

వెండిముసుగు:
అందరికీ కృతజ్ఞతలు. పెట్టె మీద చైనాలో తయారైందని ఉంది, నకిలీ కావచ్చా?

నకానో_మెట్లు:
చైనాలో తయారవడం ఈ వరుసకు మామూలే కనుక దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. అసలు సరుకేనని చూపే పెట్టె మీది స్టిక్కరును కూడా నకలు చేస్తారు. నకిలీలో దొరికిపోయేది ముద్రణ: పెట్టె మీది సన్న జపాన్ అక్షరాల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. బొమ్మ పట్టుకుంటే నూనె రాసినట్టుంటుంది, ఘాటైన వాసన వస్తుంది. ఇంకో సంగతి, జపాన్‌లో కొన్ని పాత సరుకుల దుకాణాలు బొమ్మకూ పెట్టెకూ వేర్వేరుగా గ్రేడు ఇస్తాయి. ఏ, బీ అన్న అక్షరాలు ఏది దేనికో చూసుకున్నాకే ధర గురించి ఆలోచించండి.

కీలుబొమ్మ:
ఛాతీ మీది రంగు దీపం నీలిదీ ఎర్రదీ రెండూ ఉన్నాయో లేదో అడగడం మరచిపోకండి. వేలెడంత కూడా లేని ముక్క అది, పాత సరుకులో ముందుగా మాయమయ్యేది అదే. అదనపు చేతులను కూడా ట్రేలో గుంటలతో సరిపోల్చి లెక్కపెట్టమనండి.

వెండిముసుగు:
దుకాణం వారు పైనుంచీ పక్కనుంచీ తీసిన ఫోటోలు పంపారు. ఆధారం లేకుండానే నిలబడుతోంది, చేతులన్నీ ఉన్నాయి. ఎర్ర దీపం మాత్రం లేదు. ఆ మేరకు ధర తగ్గిస్తే తీసుకుంటానని రాశాను.