మిషన్ ట్రిప్ మొదటి వారంలో విద్యార్థులు సువార్త ప్రకటించకూడదనడం సబబేనా?

పెరంబూరు_యువజన:
సభ్యులందరికీ వందనాలు. పరీక్షలు ముగిశాక, మే నెలలో, ఆంధ్ర నుంచి ఒక విద్యార్థి సహవాసం వారు మూడు వారాల వేసవి పరిచర్యకు మా సంఘానికి వస్తున్నారు. ఉత్తర చెన్నైలోని తెలుగు బస్తీలలో ఇళ్లు దర్శించడం, పిల్లలకు వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిలు బడి) నడపడం, సాయంత్రాలు గృహ కూటాలు పెట్టడం వారి ప్రణాళిక. మా సంఘ పెద్దలు ఒక షరతు పెట్టారు. మొదటి వారం కరపత్రాలు పంచరాదు, వీధి కూటాలు పెట్టరాదు, పిల్లలను పోగుచేయరాదు. సంఘస్థుల ఇళ్లలో బస చేసి, వారి వెంట బస్తీకి వెళ్లి, అక్కడి మనుషుల మాట వినాలి. ఈ షరతు విశ్వాసలోపమని విద్యార్థులలో కొందరు బాధపడుతున్నారు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు_విద్యార్థి:
ఆ బాధపడుతున్నవారిలో నేనూ ఒకడిని. మేము సెలవు గడపడానికి రావడం లేదు. హాస్టల్ ఖర్చులు తగ్గించుకొని టిక్కెట్లు కొనుక్కున్నాము, జనవరి నుంచి శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలో గడిపాము, పాటలు, పాఠాలు, సాక్ష్యాలు (మా విశ్వాస అనుభవాలు) సిద్ధం చేసుకున్నాము. ఉన్నవే మూడు వారాలైతే అందులో ఒకటి మౌనానికి పోవాలా? లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు, ఇంట అడుగుపెట్టగానే సమాధానం పలకమన్నాడు, దేవుని రాజ్యం సమీపించిందని చెప్పమన్నాడు. మొదట ఒక వారం ఊరికే ఉండమనలేదు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. అప్పుడే నీళ్లలోంచి లేచిన, అక్షరం రాని పాలేరుకే ఆ బాధ్యత ఉన్నప్పుడు, సంవత్సరాలుగా వాక్యం చదువుతున్న మాకు వారం రోజుల నిషేధం ఎందుకు? మతాన్ని ప్రచారం చేసుకొనే హక్కును రాజ్యాంగం 25వ అధికరణం కూడా ఇచ్చింది.

వ్యాసర్పాడి_వాసి:
తమ్ముడూ, మీ ఆసక్తిని చూసి దేవుని స్తుతిస్తున్నాను. అయితే మా బస్తీ సంగతి మా మాటల్లోనే మీకు తెలియాలని ఇది రాస్తున్నాను, కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

మీరు మోసుకొచ్చే తెలుగు కరపత్రాలను మా పిల్లలు చదవలేరు. మా తాతల కాలం నుంచి ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయినా బడిలో నేర్చేది తమిళ అక్షరాలు. 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయ్యాక, తెలుగు అక్షరాలు గుర్తుపట్టే పిల్లవాడు మా వీధిలో అరుదైపోయాడు. మాలో చాలామంది ఆదివారం ఆరాధనలో తెలుగు పాటలను తమిళ లిపిలో రాసుకొని పాడుతారు. అదే నగరంలో, భవన నిర్మాణానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవారి పరిస్థితి వేరు. వారు చదివితే తెలుగే చదువుతారు, వారి యాస వేరు, వారి భయాలు వేరు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు వారిలో ఆ జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. ‘చెన్నై తెలుగువారు’ అని ఒక పేరు పెట్టి ఒకే పాఠం సిద్ధం చేసుకొని వస్తే, అది ఈ ఇద్దరిలో ఎవరికీ అందదు.

ఇక వేళల విషయం. మా ఇళ్లలో సగం మంది పారిశుద్ధ్య పనివారు. చీకటి ఉండగానే లేచి వెళ్లి, మధ్యాహ్నం వచ్చి, ఇంత తిని పడుకుంటారు. కొన్ని సంవత్సరాల కిందట ఒక బృందం సరిగ్గా రెండు గంటలకు గిటారుతో వచ్చి సందు మొదట్లో పాట అందుకుంది. వారి పాట మంచిదే. ఆ వేళకే నీళ్ల లారీ కూడా వచ్చింది. బిందెలన్నీ వరుసలో ఉన్నాయి, ఆడవాళ్లందరి కళ్లూ గొట్టం మీద ఉన్నాయి, బృందంలోని అమ్మాయి ఒకావిడ చేయి పట్టుకొని ప్రార్థన చేద్దామంది. ఆమె కాదనలేక కళ్లు మూసుకుంది, తెరిచేసరికి ఆమె బిందెలు వరుస బయట ఉన్నాయి. ఆ సాయంత్రం ఆమె మా సంఘం వాళ్లను తిట్టింది, ఆ బృందాన్ని కాదు, ఎందుకంటే వాళ్లు అప్పటికే రైలెక్కే ఏర్పాట్లలో ఉన్నారు, మేమే ఆమెకు రోజూ ఎదురుపడేవాళ్లం. ఒక్కరోజు మా ఇంట్లో ఉండి చూస్తే ఆ వేళకు పాట అందుకోవాలని ఎవరికీ అనిపించదు.

అన్నిటికన్నా నాకు పట్టుదల ఉన్నది పిల్లల విషయంలో. మిఠాయి, బొమ్మ ఇచ్చి పిల్లలను పిలిస్తే క్షణంలో యాభై మంది చేరుతారు. వారి తల్లిదండ్రులకు మీరెవరో తెలియదు, ఏమి నేర్పుతున్నారో తెలియదు. ఆ తల్లి అనుమతి ఇచ్చాకే బిడ్డ రావాలి. ఆమె అనుమతి ఇవ్వాలంటే ముందు మిమ్మల్ని చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి. దానికి కొన్ని రోజులు పడతాయి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు:
చరిత్రలోంచి రెండు సంగతులు చెబుతాను. 1706 జూలైలో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగిన జర్మన్ మిషనరీ సీగెన్‌బాల్గ్ మొదట చేసిన పనులలో ఒకటి, వీధిబడిలో చిన్నపిల్లల పక్కన కూర్చొని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దడం. ఆ దిద్దిన చేతి నుంచే తమిళ క్రొత్త నిబంధన వచ్చింది.

రెండోది మా ఒంగోలు వైపుది. 1876-78 కరవులో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించారు. బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగినా, కూలి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేల్చుకోలేని స్థితిలో ఇవ్వడం తగదని, కరవు పని సాగినంత కాలం ఆపివేశారు. పని ముగిసి, డబ్బు ఇచ్చే అవసరం తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినానే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వేచి ఉండడం వల్ల పని చెడిపోలేదు, వచ్చినవారు ఎందుకు వచ్చారన్నది అందరికీ స్పష్టమైంది. చెన్నై గుండా వెళ్లేది ఆ కాలువే కనుక, మీ విద్యార్థులు దాన్ని దాటేటప్పుడు ఈ సంగతి తెలిసి దాటాలని నా కోరిక.

గుంటూరు_విద్యార్థి:
మాస్టారు గారూ, సీగెన్‌బాల్గ్ తన మిగిలిన జీవితమంతా ఈ పనికే ఇచ్చి, 1719లో ఇక్కడే చనిపోయారు. క్లౌ గారు కరవు నాటికే ఒంగోలులో పదేళ్లుగా ప్రకటిస్తున్నారు. వారి ఓపికను మూడు వారాలకు వచ్చేవారికి కొలతగా పెట్టడం న్యాయమా? కరపత్రాల విషయంలో, పిల్లల విషయంలో వ్యాసర్పాడి అక్క చెప్పింది సంపూర్ణంగా ఒప్పుకుంటున్నాను. కానీ నా మనస్సాక్షికి అడ్డువచ్చేది మరొకటి ఉంది. సువార్త చెప్పాలనే ఉద్దేశంతో వచ్చి, వారం రోజులు వాళ్ల ఇంట్లో టీ తాగుతూ ఆ మాట ఎత్తకుండా ఉండి, ఎనిమిదో రోజున బైబిలు తెరిస్తే, అది మోసం కాదా? స్నేహం నటించి దగ్గరయ్యారని రేపు వాళ్లంటే ఏమి జవాబు చెబుతాము?

వ్యాసర్పాడి_వాసి:
ఇది ఈ చర్చలో వచ్చిన మంచి ప్రశ్న. దాచిపెట్టమని పెద్దలు చెప్పలేదు, చెబితే నేనే ఎదురు తిరుగుతాను. మొదటి రోజు గడప దగ్గరే ‘మేము ఫలానా సంఘానికి వచ్చిన క్రైస్తవ విద్యార్థులం, మీ గురించి తెలుసుకోవాలని వచ్చాం’ అని చెప్పాలి. వారు అడిగితే మీ విశ్వాసం గురించి ఎంతైనా చెప్పండి, అడగకుండా ఉండరు కూడా. ఆపమన్నది అడగనివారి చేతిలో కాగితం పెట్టడాన్ని, క్రీస్తును నమ్ముతానని తీర్మానం తీసుకోమని ఒత్తిడి చేయడాన్ని. యెహెజ్కేలు కూడా కెబారు నది దగ్గర చెరలో ఉన్నవారి మధ్య ఏడు దినాలు కూర్చున్న తరువాతే దేవుని వాక్కు అతనికి మళ్లీ వచ్చింది. అతడు ప్రవక్త అన్న సంగతిని ఎవరూ దాచలేదు.

పెరంబూరు_యువజన:
పై అభిప్రాయాలను మా పెద్దలకు చదివి వినిపించాను. షరతు ఉంటుంది, అయితే ఇలా సవరించారు. ఎవరు, ఎందుకు వచ్చారన్నది మొదటి రోజే ప్రతి ఇంట చెప్పాలి. అడిగినవారికి సాక్ష్యం చెప్పడానికి ఏ అడ్డూ లేదు. ఇళ్ల సందర్శన సాయంత్రం ఐదు తరువాతే, కత్తిరి ఎండలో మధ్యాహ్నం ఎవరూ బయట తిరగరాదు. తల్లి లేదా తండ్రి సంఘానికి వచ్చి పేరు రాయించిన పిల్లలకే వి.బి.ఎస్. కరపత్రాలు తెచ్చేవారు తమిళంలో ఉన్నవి కూడా తేవాలి.

గుంటూరు_విద్యార్థి:
ఈ రూపంలో నేను లోబడతాను, మా బృందానికీ చెబుతాను. వారం మొత్తం అవసరమని మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. నాలుగో రోజున వ్యాసర్పాడి అక్క వంటివారు మమ్మల్ని చూసి, ఇక చాలని అంటే గృహ కూటాలు అప్పుడే మొదలుపెట్టే అవకాశం ఉండాలని పెద్దలను మళ్లీ అడుగుతున్నాను.