పాఠశాల బ్యాండులో ట్రంపెట్‌కు, సాక్సఫోన్‌కు శ్రుతి కలపడం ఎలా?

నమస్కారం. మిర్యాలగూడ దగ్గరి మా ఉన్నత పాఠశాలలో పంద్రాగస్టు కవాతు కోసం పిల్లల బ్యాండును సిద్ధం చేస్తున్నాము. బ్యూగిల్‌కు వాల్వులు (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మీటలు) లేనందున అందులో కొన్ని స్వరాలే పలుకుతాయి కాబట్టి, 52 సెకన్ల జాతీయగీతాన్ని పూర్తిగా వాయించడానికి మూడు వాల్వుల ట్రంపెట్లు, ఒక ఆల్టో సాక్సఫోన్ తెచ్చుకున్నాము. అయితే ట్రంపెట్ బీ ఫ్లాట్, సాక్సఫోన్ ఈ ఫ్లాట్ వాద్యాలు కావడంతో (అంటే కాగితంపై సి అనే స్వరం ఉంటే ట్రంపెట్‌లో బీ ఫ్లాట్‌గా, సాక్సఫోన్‌లో ఈ ఫ్లాట్‌గా వినిపిస్తుంది), ఒకే కాగితం చూసి వాయిస్తే రెండూ వేర్వేరు శ్రుతుల్లో పలుకుతున్నాయి. డ్రమ్ములకు ఈ చిక్కు లేదు.

ట్రంపెట్‌కు సి ఉన్నచోట సాక్సఫోన్‌కు జి రాయాలని తెలుసు గానీ, కొత్తగా నేర్చుకునే పిల్లల ఊపిరికి, పెదవులకు భారం కాని శ్రుతి ఏదో తేల్చుకోలేకపోతున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పెళ్లి బ్యాండ్లలో, పోలీసు బ్యాండ్లలో వాయించిన పెద్దలు ఏ స్వరం నుంచి మొదలుపెట్టించాలో దయచేసి చెప్పగలరా?