సీసాలోని జామ్ పెడితే కుకీల్లోంచి మొత్తం కారిపోతోంది. ఏం చేయాలి?

ఓవెన్‌కొత్త:
అందరికీ నమస్కారం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఇల్లంతా చుట్టాలే. వాళ్ల కోసం మధ్యలో పండ్ల ముద్ద ఉండే కుకీలు చేయాలని సరదా పడి, ముందుగా ఒక ట్రే వేసి చూశాను. మైదా, వెన్న, పంచదార కలిపిన పిండిని గుండ్రంగా కోసి, మధ్యలో స్ట్రాబెర్రీ జామ్ పెట్టి, సగానికి మడిచి అంచులు ఫోర్కుతో నొక్కాను. 180 డిగ్రీలు. పది నిమిషాలు కాకముందే జామ్ కుతకుతమంటూ బయటికొచ్చి ట్రేకి నల్లగా అంటుకుపోయింది. విరిచి చూస్తే లోపల ఏమీ లేదు. కారకుండా మిగిలినవేమో మర్నాటికి మెత్తబడ్డాయి.

ఏ పండు పెడితే కారదు? ముందే చేసి దాచుకోవచ్చా? గుడ్డు తినని పెద్దవాళ్లు ఉన్నారు, కాబట్టి గుడ్డు లేకుండా కావాలి. పిల్లలుంటారు, అందుకని రమ్ములూ బ్రాందీలూ వద్దు. రోజులు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

వెన్నపూస:
ఓవెన్‌కొత్త గారూ, పిండిని ఏమీ అనకండి. గొడవంతా ఆ సీసాది. బ్రెడ్ మీద రాసుకునే జామ్‌లో దాదాపు మూడో వంతు నీళ్లే. చల్లగా ఉన్నంతసేపు గట్టిగా కనిపిస్తుంది కానీ ఓవెన్ వేడికి పల్చబడి మరుగుతుంది. పుట్టిన ఆవిరి ఎటో ఒకటు పోవాలి కదా. మీరు నొక్కిన అంచు దగ్గర దారి చేసుకుని, పోతూ పోతూ జామ్‌ని కూడా లాక్కుపోతుంది. మర్నాడు మెత్తబడటానికీ ఆ నీళ్లే కారణం. తడి ఎప్పుడూ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి నడుస్తుంది. లోపల జామ్, చుట్టూ కరకరలాడే పొడి బిస్కెట్. ఎటు నడుస్తుందో చెప్పక్కర్లేదు.

నేనైతే మూసి కాల్చే కుకీల్లో ఎండు పండ్లు తప్ప ఇంకేదీ పెట్టను. ఎండు అంజీర్, ఖర్జూరం, కిస్‌మిస్. వీటిలో నీళ్లు ముందే పోయాయి. పైగా అంజీర్‌లో పీచు, గుజ్జు ఉంటాయి, అవి ఉన్న కాస్త తడినీ పట్టి ఉంచుతాయి. వేడెక్కినా ముద్ద ముద్దలాగే కూర్చుంటుంది. సిసిలీలో క్రిస్మస్‌కి చేసే కుచ్చిదాతి అనే కుకీల్లో పెట్టేది ఇలాంటి ముద్దే.

నా కొలత రాసుకోండి. ఎండు అంజీర్ 250 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరం 100, కిస్‌మిస్ 50, నారింజ రసం 100 మిల్లీలీటర్లు, ఒక నారింజ పైతొక్క తురుము (పైన రంగున్న భాగమే, కింది తెలుపు చేదు), అర చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగం పొడి, చిటికెడు ఉప్పు. అంజీర్ తొడిమలు తీసేయండి, పంటికింద పుల్లల్లా తగులుతాయి. అన్నీ సన్నసెగ మీద రసం ఇంకిపోయేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, మిక్సీలో రెండు మూడుసార్లు తిప్పి ఆపండి. మెత్తటి పేస్టు చేస్తే కొరికినప్పుడు మజా ఉండదు. గుప్పెడు వాల్‌నట్లు సన్నగా తరిగి కలపండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత అలాగే నిలబడాలి. పూడుకుపోయిందంటే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

పిండికి మైదా 300 గ్రాములు, వెన్న 200, పంచదార పొడి 100, చిటికెడు ఉప్పు, పిండి దగ్గరికి రావడానికి రెండు మూడు చెంచాల చల్లటి పాలు. గుడ్డు అక్కర్లేదు. బిళ్లలా అదిమి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. వెన్న చేతివేడికే కరుగుతుంది కాబట్టి వంటగది వెచ్చగా ఉంటే సగం పిండే బయటికి తీయండి.

ఇక అసలు సంగతి. ఒక్కొక్కటీ మడిచి నొక్కే పని వదిలేయండి. పిండిని బటర్ పేపర్ మీద 3 మిల్లీమీటర్ల మందాన, అరచేయంత వెడల్పు పట్టీలా ఒత్తండి. మధ్యలో ముద్దని వేలి లావు తాడులా పరిచి, రెండు వైపుల నుంచీ పిండి కప్పి, అతుకు కిందికి వచ్చేలా తిప్పండి. పైన ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి 180 డిగ్రీల్లో లేత బంగారు రంగు వచ్చేదాకా, అంటే సుమారు 20 నిమిషాలు కాల్చండి. కాస్త వేడి తగ్గాక రంపపు కత్తితో ముక్కలు కోయండి. అతుకుమీద బరువు ఉంటుంది కాబట్టి విప్పుకోదు. 1891లో అమెరికాలో వచ్చిన ఫిగ్ న్యూటన్ బిస్కెట్లకీ కిటుకు ఇలాంటిదే: పిండి గొట్టం, దాని లోపల అంజీర్ ముద్ద, రెండూ యంత్రంలోంచి ఒకేసారి బయటికొస్తాయి.

పెద్దచెంచా:
వెన్నపూస గారు జామ్ పేరెత్తితే చాలు కళ్లెర్రజేస్తారు :) జామ్ తప్పేం లేదండీ, దాన్ని ఓవెన్‌లోకి పంపడమే వద్దు. లింజర్ కుకీలు చూడండి. పిండిలో బాదం పొడి కలిపి పల్చగా ఒత్తి, సగం బిళ్లలకి మధ్యలో చిన్న రంధ్రం కోసి, ఖాళీగానే కాల్చేస్తారు. చల్లారాక కింది బిళ్ల మీద జామ్ రాసి, రంధ్రం ఉన్న బిళ్లని పైన పెడతారు. వీటికి పేరిచ్చిన లింజర్ టోర్టె అనే జామ్ కేకు వంటకం ఆస్ట్రియాలో 1653 నాటి రాతప్రతిలోనే ఉంది. అంతకాలంగా జామ్ పెట్టుకుంటున్న వంశం ఇది.

రెండు జాగ్రత్తలు. జామ్‌ని చిన్న గిన్నెలో కాసేపు మరిగించి దగ్గర పడనివ్వండి. ఫ్రీజర్‌లో చల్లబరిచిన ప్లేటు మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. పంచదార పొడి పై బిళ్లలకి ముందే విడిగా చల్లుకోండి, జామ్ మీద పడితే కరిగి మచ్చలవుతుంది. మర్నాటికి కొంచెం మెత్తబడతాయి, నిజమే. నాకు ఆ మెత్తదనమే ఇష్టం. కరకరలాడాలంటే వడ్డించే రోజే జామ్ పెట్టుకోండి.

ఓవెన్‌కొత్త:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. తాడులా పరచడం నా బుర్రకి తట్టనే లేదు! ఇంకొక్కటి. ఇంట్లో ఆపిల్స్ చాలా ఉన్నాయి. సన్నగా తరిగి పచ్చివే పెట్టేస్తే?

వెన్నపూస:
పచ్చివి వద్దు తల్లీ. ఆపిల్‌లో 85 శాతం దాకా నీళ్లే. స్ట్రాబెర్రీ అయితే 90 దాటుతుంది. పచ్చి ముక్కలు పెడితే పిండి లోపలి వైపు ఉడకనే ఉడకదు. తొక్క తీసి తురిమి, కొంచెం పంచదార, నిమ్మరసం వేసి, వెడల్పాటి పెనంలో చెమ్మ ఆరి ముద్దయ్యేదాకా వేయించండి. చాలా తగ్గిపోతుంది, చూసి దిగులు పడకండి. దాంట్లో కొంచెం ఖర్జూరం నలిపి కలిపితే పట్టు వస్తుంది.

పెద్దచెంచా గారికి: వంశం గొప్పదే కానీ నా డబ్బాలో మీ లింజర్‌లకి చోటు లేదు. మెత్తవి, కరకరలాడేవి ఒకే డబ్బాలో పెడితే అన్నీ మెత్తబడతాయి.

ఫ్రీజర్‌బాబు:
ముందే చేసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. కాల్చినవాటి కంటే కాల్చని రోల్సే ఫ్రీజర్‌లో బాగా ఉంటాయి. వెన్నపూస గారు చెప్పినట్టు చుట్టి, ట్రే మీద విడివిడిగా పెట్టి గట్టిపడనివ్వండి. తర్వాత క్లింగ్ ఫిల్మ్ చుట్టి, జిప్ కవర్లో గాలి తీసేసి దాచండి. రెండు నెలలకి ఢోకా లేదు. కాల్చేటప్పుడు కరగనివ్వకుండా ఫ్రీజర్ నుంచి నేరుగా ఓవెన్‌లోకే, నాలుగైదు నిమిషాలు అదనంగా. కరగనిస్తే పైన చెమ్మ పట్టి పిండి జిగటవుతుంది. అంజీర్ ముద్ద మాత్రం ఇప్పుడే చేసేసుకోండి, ఫ్రిజ్‌లో వారం పైగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు ఊరితే మసాలా వాసన బాగా పడుతుంది.

ఓవెన్‌కొత్త:
అయితే ఈ ఆదివారం అంజీర్ ముద్ద, సోమవారం రోల్స్ చుట్టి ఫ్రీజర్‌లోకి. పిల్లల కోసం కొన్ని లింజర్‌లు, వేరే డబ్బాలో :) పైన ఐసింగ్ వేయాలంటే కాల్చిన తర్వాతేనా?

వెన్నపూస:
కోసి, పూర్తిగా చల్లారాకే. పంచదార పొడిలో నారింజ రసం చుక్క చుక్కగా కలిపి, చెంచా నుంచి మెల్లగా జారేంత చిక్కగా చేసుకోండి. రంగు రవ్వలు చల్లాలంటే ఐసింగ్ తడిగా ఉన్నప్పుడే. వేసి ఒక రాత్రి గాలికి వదిలేయండి. పైన గట్టిగా ఆరాకే డబ్బాలో పేర్చండి, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వేయండి.