శెనక్కాయ పట్ట చిరిగింది: అతుకు వేయాల్నా, పారేయాల్నా?

ఎర్రనేల (కళ్యాణదుర్గం పక్క): శెనక్కాయ చెట్టు పెరికి మూడు దినాలాయ. వామి వేసి పెట్టినా. మీద కప్పే పట్ట నడిమధ్యన జానెడు చిరిగింది, ఒగ మూల ఎలుక కొరికిన బొక్కలు. అంగట్లో ఇచ్చిన జిగురు పూసి పాత పట్ట ముక్క అంటించినా. రాత్రి బాగానే ఉన్నింది, పొద్దున ఎండ తగిలేసరికి అప్పడం మాదిరి లేచింది. తూర్పున మబ్బు పడతాంది. ఏ జిగురు వాడాలో తెలిసినోళ్లు చెప్పండప్పా.

గుత్తి_లారీ: పంచర్ షాపులో రబ్బరు సొల్యూషన్ తీసుకో. రెండు పక్కలా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అంటించి సుత్తితో కొట్టు. నేను లారీ పట్టలకు 30 ఏండ్లుగా ఇదే వేస్తాండా. హుబ్లీ దాకా పోయి వచ్చినా ఊడలే.

డిప్లొమా_ప్లాస్టిక్: అన్నా, ఆయనది లారీ పట్ట కాదు. రైతులు కప్పే నీలం, పసుపు పట్టలు పాలిథీన్ దారంతో నేసి, రెండు వైపులా పాలిథీన్ పూత పూసినవి. పాలిథీన్‌కు మామూలు జిగురు పట్టదు. బకెట్లో మిగిలిన ఫెవికాల్ ఎండాక పొరలా ఊడి వస్తుంది చూడండి, ఆ బకెట్టూ అదే జాతి. లారీలకు వేసేది ఎక్కువగా పీవీసీ పూత పట్ట, లేదా గుడ్డ టార్పాలిన్. వాటికి జిగురు పడుతుంది. ముందు పట్ట ఏదో తేల్చండి.

గుత్తి_లారీ: పట్ట అంటే పట్టే. నీవు పుస్తకం చదివి చెప్తాండావు, నేను చేత్తో అంటించి చెప్తాండా.

డిప్లొమా_ప్లాస్టిక్: చేత్తోనే తేల్చుకోవచ్చు. వేలి గోరంత ముక్క కోసి చెంబు నీళ్లలో వేయండి. గాలి బుడగలు పోయేలా వేలితో అదిమి వదలాలి. తేలితే పాలిథీన్, మునిగితే పీవీసీ. వామి దగ్గర నిప్పుతో మాత్రం పరీక్ష చేయొద్దు.

ఉరవకొండ_ఉగ్గాని: చెంబులో పట్ట ముక్కలు వేసే కాలం వచ్చింది. తూ.

ఎర్రనేల: వేసినా. మూడుసార్లు అదిమినా, మూడుసార్లూ తేలింది.

గుత్తి_లారీ: తేలితే ఏమి? మా సొల్యూషన్ నీళ్లలో వేసినా తేలుతాది.

ఆత్మకూరు_పుట్టి: శ్రీశైలం వెనుక జలాల కాడ మా వాళ్లు పుట్టికి, అదే గుండ్రటి బుట్ట పడవకు, చిరుగు పడితే తారు పూస్తారు. అది వేసి చూడు అన్నా.

డిప్లొమా_ప్లాస్టిక్: పుట్టి మీద ఎవరూ తినే కాయలు ఆరబోయరు కదా తమ్ముడూ. ఎండకు తారు కరిగి కాయలకు అంటుకుంటుంది. తారు వద్దు. ఎర్రనేల అన్నా, పాలిథీన్‌ను పాలిథీన్‌తోనే వేడి పెట్టి కలపాలి. అదే రకం పట్ట ముక్క తీసుకోండి. చిరుగు చుట్టూ మూడు వేళ్లు ఎక్కువ రావాలి. మట్టి తుడిచి బాగా ఆరనివ్వండి. ముక్క మూలలు గుండ్రంగా కోయండి, చదరంగా ఉంటే గాలి ముందు మూలనే పట్టి లేపుతుంది. చిరుగు రెండు కొసల్లోనూ చిన్న గుండ్రటి బొక్క పెట్టండి, ఇంక ముందుకు సాగదు. పైన బేకరీలో కేకు కింద వేసే కాగితం పరిచి ఇస్త్రీ పెట్టె అదమండి. 110 డిగ్రీలు దాటితే పూత మెత్తబడుతుంది, ఇంకా పెంచితే దారమే కరిగి బొక్క పడుతుంది. ముందు పనికిరాని ముక్క మీద చేయి కుదుర్చుకోండి.

ఎర్రనేల: చేన్లో కరెంటు యాడిది సార్?

డిప్లొమా_ప్లాస్టిక్: ఇస్త్రీ బండి వాళ్ల బొగ్గుల పెట్టె అడగండి.

గుత్తి_లారీ: ఒగ అతుక్కి ఇస్త్రీ బండి, బేకరీ, చెంబు. పెండ్లా ఇది?

టౌన్_6ఎకరాలు: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇంత చర్చ దేనికి? వామి విలువెంత, పట్ట విలువెంత? ఒక్క చోట కారినా కాయకు బూజు పడుతుంది. బూజు కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వ్యాపారి చేయి పెట్టి చూసి రేటు కోస్తాడు. సబ్సిడీ పట్టలు వచ్చినప్పుడు ఒకటి తెచ్చుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మన రైతుల్లో ఈ పిసినారితనం పోదు.

ఎర్రనేల: పిసినారితనమా? బాగుండాది సార్. నేను చేసేది కౌలు. పట్టలొచ్చినాయంటే పోయినా. పాస్‌బుక్ ఎవరి పేరున ఉందన్నారు. చేను గలాయన పేరున అన్నా. ఆయన్ను తోలుకరా అన్నారు. ఆయన హైదరాబాదులో ఉంటాడు. ఫోన్ చేస్తే, పండగకు వచ్చినప్పుడు చూద్దాం లే అన్నాడు. పండగ అంటే సంక్రాంతి. శెనక్కాయ అంతవరకు ఆగుతాదా?

టౌన్_6ఎకరాలు: కౌలుదారులకు కార్డు ఉంది కదా. 2019లో చట్టమే తెచ్చారు.

ఎర్రనేల: ఉండాది. 11 నెలలకు. దానికీ చేను గలాయన సంతకమే కావల్ల.

గుత్తి_లారీ: నేను సొల్యూషన్ గురించి అడిగింది ఎవరూ చెప్పలే.

బీడు_భూమి: టౌన్ సారూ, ఒగ మాట అడుగుతా. మీ 6 ఎకరాలు మీరే దున్నుతాండారా?

టౌన్_6ఎకరాలు: కౌలుకు ఇచ్చినాను. దానికీ దీనికీ ఏం సంబంధం?

బీడు_భూమి: మీ కౌలుదారుకు సంతకం పెట్టినారా?

టౌన్_6ఎకరాలు: అది నా సొంత విషయం.

బీడు_భూమి: అంటే పెట్టలే. పోయిన తూరి వానలకు పంట పోతే మా అన్న చేన్లో నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడిందో తెలుసా? విత్తనం మా అన్నది, ఎరువు మా అన్నది, అప్పు మా అన్నది. దుడ్లు చేను గలాయనవి. అడిగితే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకు ఇస్తా అన్నాడు. మీరొచ్చి ఈడ పిసినారి అంటారు. సిగ్గుండల్ల.

టౌన్_6ఎకరాలు: మర్యాదగా మాట్లాడు. మా నాయన చెమటోడ్చి కొన్న భూమి అది. ఈరోజు కార్డు, రేపు నాదే అంటే ఎవరు దిక్కు?

డిప్లొమా_ప్లాస్టిక్: ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాసి ఉంది.

టౌన్_6ఎకరాలు: రాతలు చాలా చూసినాం. ఉన్న మాట చెప్తా వినండి. నా పాస్‌బుక్ మీద బ్యాంకులో పంట లోను ఉంది. అదే భూమి మీద కౌలుదారూ కార్డు పెట్టి లోను అడిగితే నాది ఆగిపోతుంది. నా కూతురి ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నాను. అందుకే పెట్టలేదు. చాలా?

బీడు_భూమి: పంట వేయనోడికి పంట లోను. మంచిది.

వేదిక నిర్వాహకుడు: రెండు పోస్టులు తీసేసినా. ఇండ్లలో ఆడోళ్ల జోలికి పోవద్దండి. ఎర్రనేల అన్న అడిగింది పట్ట గురించి.

ఉరవకొండ_ఉగ్గాని: పట్ట కథ పట్టా కాడికి వచ్చింది.

ఎర్రనేల: నేను ఎవర్నీ ఏమీ అనలే. టౌన్ సారూ, మీ కౌలుదారు వామి మీద పట్ట ఎట్లుందో ఒగ తూరి పోయి చూసిరాండి, అంతే. ఇస్త్రీ బండి పెద్దాయన పెట్టె ఇచ్చినాడు. మొదటి ముక్క కాలి బొక్క పడింది, బొక్కలో నా వేలు కూడా దూరింది. రెండోది అతుక్కుంది. పీకినా రాలే.

గుత్తి_లారీ: సంతోషం. సొల్యూషన్ అయితే పెట్టె తేవల్సిన పని లేకపోయె.

ఎర్రనేల (రాత్రి 11:40): వాన మొదలాయ. నేనూ నా పెండ్లామూ వామి కాడే ఉండాం, పట్ట అంచుల మీద రాళ్లు పెడతాండాం. జానెడు చిరుగు కాడ చుక్క కారలే. ఎలుక బొక్కల మూల మర్చిపోయినా. ఆడ గిన్నె పెట్టినాం.

డిప్లొమా_ప్లాస్టిక్: గిన్నె తీసేసి ఆ మూలను మడిచి లోపలికి దోపండన్నా. అతుకు ముక్క మూలలు గుండ్రంగా కోసినారా?

టౌన్_6ఎకరాలు: మా వాడికి ఫోన్ చేసినా. ఎత్తడం లేదు.